రొబ్బన్ బ్యూక్

చెయ్యి ఊపు మాయ్‌బ్రిట్, అంటాడు హోకన్, జనం చూస్తున్నారు, కాస్త నవ్వుమొహం పెట్టు. ఊపుతూనే ఉన్నాను కదా మహానుభావా, ఇంకెలా ఊపమంటావు, చెయ్యి ఊడదీసి వాళ్ళ మీదకి విసరనా. పైకి అనలేదు, లోపలే అనుకున్నాను, ఈ మధ్య నేను అనేవన్నీ లోపలే. రోడ్డుకి రెండు పక్కలా మడతకుర్చీలు వేసుకుని పాత కార్ల ఊరేగింపు చూడ్డానికి ఊరు ఊరంతా కూచుంది, కాళ్ళ దగ్గర బీరు డబ్బాలు, చేతుల్లో సాసేజీలు, మొహాల మీద జులై ఎండ. మా ముందు ఒక ఎర్ర కాడిలాక్, దాని ముందు ఇంకోటి, వెనకాల చర్చి మలుపు దాకా, అమెరికా వాళ్ళు ఎప్పుడో మరిచిపోయిన కార్లన్నీ మా దలార్నా జిల్లాలోనే ఉన్నట్టున్నాయి. పెట్రోలు బంకు దగ్గర్నుంచి చర్చి దాకా, చర్చి దగ్గర తిరిగి మళ్ళీ బంకు దాకా, మాకంటే నత్తలు నయం. ఒక చెయ్యి ఊపుతున్నాను. రెండో చెయ్యి సీటుకీ తలుపుకీ మధ్య సందులో ఉంది, ఎవరికీ కనబడదు, వేళ్ళు అక్కడ వెతుకుతున్నాయి. ఒక సీసా మూతో, ఒక దారప్పోగో, ఒక వెంట్రుకో, నా కొడుకుది ఏదో ఒకటి వాడి కారులో మిగిలి ఉండకపోతుందా అని. పొద్దుట్నుంచీ వెతుకుతూనే ఉన్నాను. ఏమీ లేదు. అంత శుభ్రంగా తుడిచిపెట్టాడు వాణ్ణి కన్న తండ్రి, ఈ హోకనే.

"ఏం చేశావయ్యా హోకన్! ఫ్యాక్టరీ లోంచి నిన్ననే దిగినట్టుంది!" అని అరుస్తున్నాడు పోస్టాఫీసు లెన్నార్ట్, పెదవి కింద దట్టించిన పొగాకు కనబడేలా నోరంతా తెరిచి. హోకన్ పొంగిపోయి హారన్ కొట్టాడు. ఆ హారన్ కూడా కొత్తదే, అంటే అసలుదే, ఈయన భాషలో అసలుదంటే ఓహాయోలో ఎవడో ముసలాడి పెరట్లోంచి ఓడెక్కి వచ్చిందని. అరవై నాలుగులో బ్యూక్ ఎలా ఉండేదో అలా, ఒక్క మేకు తేడా లేకుండా. లేతాకుపచ్చ రంగు, దానికి ఒక పేరు కూడా ఉంది, నూరుసార్లు చెప్పాడు, నాకు గుర్తుండదు, గుర్తు పెట్టుకోను. నంబరు ప్లేటు కూడా తీసేసి ఆ కాలపు జిల్లా అక్షరంతో ఉండే ప్లేటు వేయించాడు. నా కొడుక్కి ఈ రంగు తెలియదు. వాడి బ్యూక్ నలుపు, తారు నలుపు, గోడకి వేసే రోలర్‌తో పెరట్లో నిలబెట్టి ఒక్క మధ్యాహ్నంలో వాడే పూసేశాడు, రోలర్ గీతలు తలుపుల మీద దున్నిన చేనులా కనబడేవి, ఏంట్రా ఇది అంటే, అమ్మా రాత్రిళ్ళు ఎవరికీ కనబడదులే అన్నాడు. కుడి తలుపుకి పిడి ఊడిపోతే నా వంటింటి అలమార పిడి పీకి దానికి బిగించాడు. నేను బళ్ళో పిల్లలకి గురువారం బఠాణీ చారు కాచి ఇంటికొచ్చి అలమార తెరవబోతే పిడి లేదు. చెడ తిట్టాను. ఆ పిడి ఇప్పుడుంటే కళ్ళకద్దుకుందును.

ఇక్కడ రెండు జాతులున్నాయి, బయటివాళ్ళకి తెలియదు. మెరిపించే జాతి, బీరుబండ్ల జాతి. మెరిపించేవాళ్ళు వానొస్తే కారు బయటికి తియ్యరు, కారుకి జలుబు చేస్తుందేమో అన్నట్టు. బీరుబండ్ల వాళ్ళు తుప్పుని కడగరు, సొట్టని తియ్యరు, ఏ సొట్ట ఏ రాత్రి పడిందో కథలు చెప్పుకుంటారు, వెనక సీట్లో ఆరుగురు, డిక్కీలో ఇద్దరు, పాటలు ఊరవతలకి వినబడాలి. హోకన్ మొదటి జాతి. నా కొడుకు రొబ్బన్ రెండో జాతి. ఒకే కొట్టంలో ఈ గోడకి తండ్రి డాడ్జ్, దుప్పటి కప్పుకుని. ఆ గోడకి కొడుకు బ్యూక్, కింద పళ్ళెంలో నూనె కారుస్తూ. భోజనాల దగ్గర రోజూ ఇదే రామాయణం. "ఒక్క చలికాలం నాకియ్యరా, దాన్ని కారు చేసి చూపిస్తా" అనేవాడు ఈయన. "ఇప్పుడేమైంది నాన్నా, గుర్రమా?" అనేవాడు వాడు, నోట్లో బంగాళాదుంప పెట్టుకుని. "చెత్తబుట్ట!" "నీది మ్యూజియం, వెళ్ళి టికెట్లమ్ముకో!" నేను మధ్యలో గిన్నెలు తీస్తూ నవ్వేదాన్ని. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ఆ ప్రాణం కార్ల మీదుగా తప్ప మాట్లాడుకోవడం రాదు ఇద్దరికీ. ఒక్క చలికాలం ఇయ్యరా అన్నాడు కదా. ఇచ్చాడు వాడు. చచ్చి ఇచ్చాడు.

ఆగింది మళ్ళీ. ముందు ఎవడో చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిప్పి టైర్లు కాలుస్తున్నాడు, కాల్చు కాల్చు అని పిల్లలు గంతులు, తెల్లటి పొగ, రబ్బరు కంపు. ఆ కంపు ఏప్రిల్ నుంచీ నాకు పడదు. అద్దం ఎక్కించాను. ఏం, చలా, అన్నాడు హోకన్. ఊఁ అన్నాను.

మార్చి నెల అది, రెండేళ్ళయింది. మా చెరువు మీద మంచుగడ్డ పైకి గట్టిగానే ఉంటుంది, వాగు వచ్చి కలిసే చోట మాత్రం నీళ్ళు దాన్ని లోపల్లోపల తినేస్తాయి, ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు, వాడికీ తెలుసు. తెలిసినవాళ్ళే పోతారు, తెలియనివాళ్ళు అటు వెళ్ళరు. మంచుబండి వేసుకుని చేపలకి వెళ్ళారు ఇద్దరూ, వాడూ కెంతా. కెంతా వాడి చిన్నప్పటి స్నేహితుడు, వెనక బండి మీద ఉన్నాడు. ముందు బండి ఉన్నట్టుండి లేదంట, అంతే, లేదంట. కెంతా మంచు మీద బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్ళి చెట్టుకొమ్మ చాచాడు, రొబ్బన్ పట్టుకున్నాడు, పట్టుకుని ఏదో అన్నాడు, ఏమన్నాడో కెంతా ఇంతవరకూ చెప్పలేదు. వేళ్ళు పట్టు తప్పాయి. మట్టి చేసిన మర్నాడే కెంతా నార్వే పోయాడు చేపల ఫ్యాక్టరీలో పనికి, మళ్ళీ ఈ వైపు తొంగి చూడలేదు. వాణ్ణి నేనేమీ అనుకోను. హోకన్ ఏడవలేదు. చర్చిలో ఒక్క చుక్క లేదు, కోటు మీద బొచ్చు ఏరుకుంటూ నిలబడ్డాడు. మగాడి దుఃఖం లోపలుంటుందని అందరూ చెప్పారు నాకు. లోపల ఉంటే ఉంది, దాన్ని తీసుకెళ్ళి నా కొడుకు కారు మీద రుద్దమని ఎవరు చెప్పారు.

నాకు మాత్రం బ్యూక్ ఉండేది. ఎవరికీ తెలియదు, హోకన్‌కి అసలే తెలియదు. బడి వంటింట్లో పని ముగించుకుని, పక్కింటికి గుడ్లకి వెళ్తున్నానని చెప్పి కొట్టంలోకి వెళ్ళేదాన్ని. వెనక సీట్లో వెల్లకిలా పడుకునేదాన్ని, కాళ్ళు ముడుచుకుని. స్ప్రింగు నడుములో గుచ్చుకునేది, గుచ్చుకోనీ. కింద నేలలో కన్నం, అందులోంచి గడ్డి వాసన. పైన టాపు లోపలి గుడ్డ, అసలు బూడిదరంగుదేమో, నాకు తెలిసినప్పట్నుంచీ దాని నిండా రాతలే. ఆ కారెక్కినవాడు వెల్లకిలా పడుకుని నల్ల మార్కరుతో పైన ఏదో ఒకటి రాయాలి, అది రొబ్బన్ పెట్టిన చట్టం. ప్రేమలు, బూతులు, ఎవడో వేసిన దుప్పి బొమ్మ, ఎవరి పేరో కొట్టేసి పక్కన ఇంకో పేరు. నా యాభయ్యో పుట్టినరోజుకి నన్నూ ఎక్కించాడు, "రాయి అమ్మా, రాయకపోతే ఇక్కడే దింపేస్తా, నడిచిపో" అన్నాడు, నేను నవ్వుతూ వంకరటింకరగా రాశాను: ముందుకి చూసి నడుపు. వాడు దాని కింద రాశాడు: మా అమ్మ తప్ప అందరూ డిక్కీలోకి. ఇవన్నీ చదువుకునేదాన్ని రోజూ, ముసలమ్మలు కీర్తనల పుస్తకం చదువుకున్నట్టు, ఈ మూల నుంచి ఆ మూల దాకా. వాడి అక్షరాలు కుడివైపుకి వాలి ఉంటాయి, ఎప్పుడూ ఎక్కడికో పరిగెడుతున్నట్టు. అక్కడ పడుకుంటే నాకు ఏడుపొచ్చేది, అక్కడ ఏడిస్తే ఇంట్లో మామూలుగా ఉండగలిగేదాన్ని.

తర్వాత మా అక్క గుడ్రున్‌కి పక్షవాతం. పోయిన నవంబరులో హెర్నోసాండ్ వెళ్ళి చలికాలమంతా దాని దగ్గరే ఉండిపోయాను, తినిపించడం, తిప్పి పడుకోబెట్టడం, అది నన్ను చూసి మా అమ్మ పేరు పెట్టి పిలవడం. ఫోనులో హోకన్, "పిల్లాడి కారు కాస్త చూస్తున్నా" అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడు! నాకు గుండె నిండిపోయింది. ఇంజను వేడి చేస్తున్నాడేమో, ఎలుకలు దూరకుండా చూస్తున్నాడేమో, పాపం తనూ అక్కడే కూచుంటున్నాడేమో, తనకీ పైన రాతలు కనబడుతున్నాయేమో అనుకున్నాను. అక్కతో కూడా చెప్పాను, నా మొగుడు మారాడే అని. మారాడు, ఎందుకు మారలేదు.

ఏప్రిల్ ఆఖరి రోజు తిరిగొచ్చాను, సరిగ్గా మంటల పండగనాడు. చలికాలాన్ని తగలెయ్యడానికి అందరూ కొమ్మలూ రెమ్మలూ పాత సామానూ పోగేసి మంట పెడతారు కదా, ఈ ఏడు మా పొలంలోనే పెట్టాడు హోకన్, చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చారు, చర్చి పాటలవాళ్ళు తెల్ల టోపీలు పెట్టుకుని వసంతం వచ్చిందని పాడారు. నేనూ పాడాను. బస్సులో చలికి బిగుసుకుపోయి ఉన్నాను, మంటకి దగ్గరగా వెళ్ళి రెండు చేతులూ చాచి వెచ్చబెట్టుకున్నాను. ఏదో కంపు, కొమ్మల వాసన కాదు, రబ్బరూ గుడ్డా దూదీ కాలుతున్న కంపు. ఏంటిది హోకన్ అన్నాను. "ఏముంది, పాత చెత్త" అన్నాడు, నా భుజం చుట్టూ చెయ్యేసి, ఏదో బహుమానం దాచుకున్న పిల్లాడిలా నవ్వుతూ. ఆ మంటలో నా కొడుకు సీటు. ఆ మంటలో వాలిన అక్షరాలు. నేను వాటి మీద చేతులు కాచుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారంటారు, నా చేతులు కాలను కూడా లేదు, హాయిగా వెచ్చబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే కళ్ళు మూసి కొట్టంలోకి నడిపించుకెళ్ళాడు. చేతులు తీశాడు. లేతాకుపచ్చ. మీగడరంగు సీట్లు. పైన మీగడరంగు గుడ్డ, ముడత లేదు, మరక లేదు, ఏమీ లేదు. ఆస్పత్రిలా ఉంది. "ఎలా ఉంది? మాట్లాడవేం? వాడుంటే చూసి..." అని అక్కడ ఆగిపోయి, క్రోమ్ ఎక్కడ పూత వేయించాడో చెప్పడం మొదలెట్టాడు. ఆయన చేతులు చూశాను. వేళ్ళన్నీ పగిలి, గోళ్ళ కింద నలుపు, బొటనవేలి మీద కట్టు. చలికాలమంతా ఒక్కడూ, ఆ కొట్టంలో, ఎమరీ కాగితంతో. తిట్టాలని నోటిదాకా వచ్చింది. వాణ్ణి రెండోసారి చంపావురా దుర్మార్గుడా అని. ఆ చేతులు చూసి ఊరుకున్నాను. ఊరుకున్నదాన్ని అలాగే ఊరుకుండిపోయాను, మే పోయింది, జూను పోయింది. ఒకే మంచం మీద పడుకుంటాం, ఒకే కాఫీ తాగుతాం, ఆ మాట మాత్రం గొంతులో ముల్లులా అక్కడే ఉంది, మింగలేను కక్కలేను. ఇవాళ అనేద్దామనే ఈ కారెక్కాను. ఊరంతా చప్పట్లు కొడుతుంటే, ఆయన మురిసిపోతుంటే, సరిగ్గా అప్పుడు చెవిలో అనేద్దామని. అంత పాపిష్టిదాన్నయ్యాను.

మధ్యాహ్నం బహుమతి కూడా ఇచ్చారు. అన్నిట్లోకీ అసలైన కారు అని. అసలైన! డాష్‌బోర్డు మీద నిలబెట్టాడు ఆ ఇత్తడి పలకని, ఎండకి నా కళ్ళల్లో కొడుతోంది. జడ్జీల్లో ఒకడు, ఊప్సాలా నుంచి వచ్చిన బక్కాయన, తలుపు తీసి వేసి, తీసి వేసి, "ఈ చప్పుడు వినండి! ఈ కారు జీవితంలో ఎవరూ ఎక్కనట్టుంది" అన్నాడు. అంతకంటే పెద్ద పొగడ్త లేదు వాళ్ళకి. హోకన్ కళ్ళు చెమర్చాయి. చర్చిలో చెమర్చని కళ్ళు. అప్పుడు అనాల్సింది. అనలేకపోయాను. సరే, చర్చి మలుపు దగ్గర అంటాను, మలుపు దగ్గరికి వచ్చాం, సరే, బంకు దగ్గర అంటాను.

"రొబ్బన్ వాళ్ళమ్మా!"

చటుక్కున తిరిగాను. ఆ పిలుపుతో నన్ను పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద నలుగురో ఐదుగురో, రెండేళ్ళుగా ఎవరూ పిలవలేదు. అద్దం దించాను. కెంతా. కుర్చీల మధ్యలోంచి ఉరుక్కుంటూ వచ్చాడు, లావయ్యాడు, గడ్డం పెంచాడు, తోలు చొక్కా బొత్తాలు పట్టట్లేదు, కళ్ళు మాత్రం అవే. నడుస్తున్న కారు పక్కనే నడుస్తూ కిటికీలోంచి వంగి నన్ను వాటేసుకున్నాడు, మెడ దగ్గర వాడి గడ్డం తడిగా తగిలింది. "ఎప్పుడొచ్చావురా, తిన్నావా?" అన్నాను. "నిన్న సాయంత్రం. ధైర్యం చాల్లేదు మీ ఇంటికి రావడానికి. ఇవాళ ఇక్కడ కనబడతారులే అనుకున్నా" అన్నాడు. తర్వాత కారు వైపు చూశాడు. పరాయివాళ్ళ కారు చూసినట్టు చూశాడు, మర్యాదగా, వేలితో కూడా ముట్టుకోకుండా. "బాగుంది ముసలాయనా. భలే ఉంది. ఇదెప్పుడు కొన్నావు?"

హోకన్ ఛాతీ పొంగింది. నోరు తెరిచాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు, ఇది రొబ్బన్ బ్యూకే, నా చేతులతో ఇలా చేశానని పొద్దుట్నుంచీ ముప్ఫైమందికి చెప్పాడు.

ఆయన చెప్పేలోపే కెంతా అన్నాడు, "మరి రొబ్బన్‌ది ఎక్కడుంది? కొట్టంలోనే ఉందా? నేను అసలు దానికోసమే వచ్చా. ఈ మెరిసేవి చూడ్డానికి కాదు. ఒక్కసారి వెనక సీట్లో పడుకుంటాను, అంతే, మిమ్మల్ని ఏమీ ఇబ్బంది పెట్టను. వాడు నా గురించి పైన ఏదో రాశాడు చూడు, నా తలకాయ ఉండే చోట, సరిగ్గా పైన. ఏం రాశాడో ఎంత తలుచుకున్నా గుర్తు రావట్లేదు. అక్కడ ఫ్యాక్టరీలో నిలబడి చేపలు కోస్తూ అదే ఆలోచిస్తా. గుర్తు రాదు. పిచ్చెక్కిపోతోంది."

తెరిచిన నోరు అలాగే ఉంది హోకన్‌కి. నేను చూస్తున్నాను. మూడు నెలలుగా నేను అనలేని మాట వీడు అనేశాడు, తనకే తెలియకుండా, ఎంత ప్రేమగా అనేశాడు. ఆయన మొహంలో రంగు దిగిపోవడం కళ్ళారా చూశాను. ఒకసారి తలెత్తి పైన మీగడరంగు గుడ్డ వంక చూశాడు, అక్కడేదో ఉండాలన్నట్టు. ముందు కాడిలాక్ కదిలి ఎక్కడికో పోయింది, మా ముందు రోడ్డంతా ఖాళీ, వెనకాల హారన్లు మోగుతున్నాయి, పోనియ్యవయ్యా హోకన్, నిద్రపోయావా అని ఎవడో అరుస్తున్నాడు.

"ఉంది," అన్నాడు హోకన్. "కొట్టంలోనే ఉంది."

"శనివారం రానా?"

"రా."

కెంతా చెయ్యి కిటికీ మీంచి తీసేశాడు, వెనకబడిపోయాడు, అద్దంలో చిన్నగా అయిపోతూ చెయ్యెత్తాడు. నాకు కడుపు చల్లబడుతుందనుకున్నాను. అనకుండానే తగిలింది కదా, తగలాల్సిన చోటే తగిలింది కదా. ఎక్కడ చల్లబడింది, ఇంకా మండింది. ఇప్పుడు ఇద్దరికీ తెలుసు, అంతే తేడా. పక్కన ఈ మనిషి స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూచున్నాడు, ఆ వేళ్ళ పగుళ్ళు మానాయి, జనం చప్పట్లు కొడుతున్నారు, ఏ అమ్మాయో పువ్వు విసిరింది, బానెట్ మీద పడి జారిపోయింది. హారన్ కొట్టడం మానేశాడు ఆయన. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడిస్తే చెయ్యి పట్టుకుందామనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, నా చెయ్యి సందులోంచి బయటికి కూడా వచ్చింది.

"మాయ్‌బ్రిట్," అన్నాడు, రోడ్డు మీంచి కళ్ళు తియ్యకుండా, గొంతు తగ్గించి. "ఆ పైగుడ్డ మీద ఉన్నవి నువ్వెప్పుడైనా చూశావా? కెంతా గురించి వాడేం రాశాడో నీకు గుర్తుందా? శనివారానికి ఇంకా టైముంది. ఆ మార్కరు కొట్లో దొరుకుతుంది. వాడి చేతిరాత స్కూలు పుస్తకాల్లో ఉంటుంది కదా, దాన్ని చూసి, అచ్చం అలాగే రాసేస్తాను. ఎవరూ కనిపెట్టలేరు."

గుర్తుంది. వాడు రాసింది ఇది: కెంతా ఇక్కడే పడుకుని బూట్లు విప్పాడు, బతికి బయటపడ్డవాళ్ళం సంతకాలు పెడుతున్నాం. కింద మూడు సంతకాలు, రెండోది వాలి ఉంటుంది, మూడోదాని పక్కన ఇంకు మరక. అక్షరం అక్షరం గుర్తుంది.

"లేదు," అన్నాను. "నాకేమీ గుర్తు లేదు."